పది ఇంటూ

సెలైన్ చుక్కల్ని లెక్కపెట్టకూడదని నాకు తెలుసు. లెక్కపెట్టినంత మాత్రాన అవి త్వరగా పడవనీ తెలుసు. అయినా గోడ గడియారంలో మూడు దాటి ఐదు నిమిషాలైన దగ్గర్నుంచి అదే పనిగా ఉన్నాను, ఒకటి, రెండు, మూడు, నాలుగోది కాస్త తటపటాయించి పడుతుంది, మళ్ళీ ఒకటి. ఆరో నంబరు మంచం. పిల్లల మంచమే గాని మా చిటికెడు అందులో సగానికి కూడా రాలేదు. పుట్టినప్పుడు రెండు కిలోలు, వాళ్ళ నాన్న అరచేతిలో పెట్టుకుని "ఇదేంటే, చిటికెడంత ఉంది" అన్నాడు, అంతే, రిజిస్టరులో రాయించిన పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది, పద్నాలుగు నెలలుగా ఆ పిల్ల చిటికెడే. ఇప్పుడు ఎడమ చేతికి అట్టముక్క కట్టి, ప్లాస్టరు చుట్టి పడుకోబెట్టారు. మూడు చోట్ల గుచ్చితే గాని నరం దొరకలేదు. మొదటి రెండింటికి ఏడ్చింది, మూడోదానికి ఏడవలేదు, ఏడవనందుకు నా ప్రాణం పోయింది. పిల్లల డాక్టరు, నిద్ర చాలక కళ్ళ కింద నలుపెక్కిన మనిషి, దాని పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాడు, మళ్ళీ పట్టి వదిలాడు. "ఇన్ని విరేచనాలైతే చర్మం ఇంకా వదులైపోవాలే, పిండిముద్దలా ఉందేంటి" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఇంట్లో ఏం పట్టారని అడిగాడు. నా పక్కనున్న అత్తయ్య "ఓఆర్ఎస్ అండీ, పొద్దుట్నుంచీ పడుతూనే ఉన్నాను" అంది. "మంచి పని చేశారు" అన్నాడు. రక్తం పంపించామని, రిపోర్టుకి గంట పడుతుందని, ఈలోగా ఈ సీసా ఎక్కనిచ్చి, నాలుగింటికి రెండోది పెట్టి స్పీడు పెంచేద్దామని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. పొద్దుట్నుంచీ పిల్ల ఒంటికి పోసుకోలేదు. ఆ గుడ్డ ఒక్కసారి తడిస్తే చాలు. ఏ తల్లయినా గుడ్డ తడవకుండా ఉంటే సంతోషిస్తుంది, నేను గంటకి పదిసార్లు దాని కిందకి చెయ్యి పోనిచ్చి తడి కోసం వెతుకుతున్నాను.

నా ఉద్యోగం పేగులు పెంచడం. ఎవరైనా అడిగితే మా ఆయన అలాగే చెబుతాడు, కోళ్ళు పెంచుతుందని చెప్పినంత మామూలుగా, విన్నవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నా మొహం చూస్తారు. అబద్ధం కాదు. ఎవరికో ఆపరేషన్ చేసి తీసిన పేగు ముక్క మా ప్రయోగశాలకి వస్తుంది, దాని లోపలి పొరని విడదీసి, మెత్తటి జిగురులో పెట్టి, రోజు విడిచి రోజు మేత వేస్తే వారం తిరిగేసరికి ఆవగింజంత పేగు తయారవుతుంది. నోరు లేదు, పొట్ట లేదు, మనిషి లేడు, ఉత్త పేగు. మేమంతా వాటిని పిల్లలంటాం. పిల్లలకి పెట్టావా, పిల్లలెలా ఉన్నారు, నిన్న పిల్లలు డల్‌గా ఉన్నారు. ఆ పిల్లలకి వైరస్ అంటించడం నా పనిలో రెండో సగం. అంటించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, అవి ఏం చేస్తాయో చూస్తూ కూర్చోవాలి. పేగు లోపలి గోడ మందం ఒక్క కణమే. ఒకదాని పక్కన ఒకటి, భుజం భుజం ఆనించి నిలబడి ఉంటాయి, మనం మింగే లోకానికీ మన రక్తానికీ మధ్య అంతకుమించి అడ్డు లేదు. వైరస్ ఒక కణంలోకి దూరితే ఆ కణం ముందు చేసే పని తనని తాను కాపాడుకోవడం కాదు, పక్కవాళ్ళకి చెప్పడం. నాకు సోకింది, మీరు తలుపులు వేసుకోండి అని. పక్కవి గొళ్ళేలు బిగించుకుంటాయి. తరవాత అవే కింద చేతులు కలుపుకుని, గోడకి చిల్లు పడకుండా, సోకినదాన్ని పైకి నెట్టేస్తాయి. రాలిపోతుంది. మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. వైరస్ కూడా తక్కువది కాదు, లోపలికి రాగానే ముందు ఆ కణం నోరు నొక్కుతుంది, కబురు బయటికి పోనివ్వదు. ఎంతసేపు నోరు నొక్కి ఉంచగలిగితే అంతసేపు దాని రాజ్యం. ఇదంతా మా ఆయనకి ఒకసారి చెబితే, "మన అపార్టుమెంటు వాళ్ళకంటే నయమే, పక్కింట్లో దొంగలు పడ్డా చెప్పరు" అన్నాడు. దూరపు రూటు బస్సు డ్రైవరు, నిన్న సాయంత్రం బయల్దేరాడు, ఇప్పుడు ఎక్కడో ఫోను అందని రోడ్డు మీద ఉన్నాడు, రేపు గాని రాడు. అతనికి ఇంకా ఆసుపత్రి సంగతి తెలియదు.

గురువారం. గురువారం నాడు నా కుడిచేతి గ్లవుజు చూపుడువేలి దగ్గర చిరిగింది. చిన్నది, సూదిమొన అంత. తీసేసి, చేతులకి జెల్లు రాసుకుని, కొత్త జత వేసుకున్నాను. జెల్లు. ఆ వైరస్ జెల్లుని లెక్కచేయదు, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కోవాలి, బల్ల బ్లీచింగు నీళ్ళతో తుడవాలి, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు ఈ మాట చెప్పేది నేనే. చెప్పేటందుకే నీతులు. కడుక్కున్నానా? తరవాత కడుక్కున్నాను, కడుక్కునే ఉంటాను, కుళాయి దగ్గర మా పెద్ద మేడమ్ ఏదో అడిగింది, సమాధానం చెప్పాను, చెబుతూ కడుక్కున్నానా, కడుక్కోవడం మాని చెప్పానా. ఇంటికెళ్ళగానే చిటికెడు పరిగెత్తుకొచ్చి, పరుగంటే పరుగు కాదు, రెండడుగులు వేసి మూడో అడుగుకి నా కాళ్ళ మీద పడి, నా చూపుడువేలు నోట్లో పెట్టుకుంది. కుడిచేతి చూపుడువేలే. దానికి పళ్ళొస్తున్నాయి, ఏది దొరికితే అది కొరుకుతుంది. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం తెల్లవారుజామున మొదటి వాంతి. లెక్క సరిపోయింది. రెండు రోజులు, మహా అయితే మూడు. నా చేత్తో నేను తెచ్చి నా బిడ్డ నోట్లో పెట్టాను, సీసాల్లో పిల్లల్ని పెంచి ఒళ్ళో పిల్లని చంపుకున్నదాన్ని. చంపుకున్న అనకు, నోరు కడుక్కో. ఒకటి, రెండు, మూడు. చిటికెడు పెదవులు నాకుతోంది. నాలుక బయటికి తీసి, పై పెదవి, కింద పెదవి, మళ్ళీ పై పెదవి. ఇంత దాహం చూడలేదు నేను, కళ్ళు నా చేతిలో ఉన్న నీళ్ళ సీసా ఎటు వెళితే అటు తిరుగుతున్నాయి. ఉండుండి ఏడుస్తోంది, దాని ఏడుపు కాదది, సన్నగా, గొంతు పైకెక్కి, పిల్లికూన అరిచినట్టు, మధ్యలోనే ఆగిపోతుంది.

మూడూ ఇరవైకి ఫోను మోగింది. పిల్లల సంరక్షణ కేంద్రం ఆవిడ, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులని రోజూ ఒక పూట చిటికెడుని అక్కడ ఉంచుతాం. "మేడమ్, మీ పాపకి ఎలా ఉందండీ, ఇక్కడ ఇంకో నలుగురికి కూడా వాంతులు, విరేచనాలు. బుధవారం ఒక బాబుకి మొదలైందట, వాళ్ళమ్మ చెప్పకుండా పంపేశారండీ. మీకు చెబుదామని" అంది. బుధవారం. నా గ్లవుజు చిరిగింది గురువారం. నేను గోడకి ఆనుకున్నాను. నేను కాదు. ఎవరో తల్లి, ఆఫీసుకి సెలవు దొరకని తల్లి, పిల్లాడికి బాగానే ఉందిలే అనుకుని, అనుకోవాలనుకుని, పంపేసింది. ఆమెని తిట్టుకోవాలి, తిట్టుకోవడానికి తిట్టు దొరకలేదు, ఇవాళ పొద్దున నేను చేసింది మాత్రం ఏమిటి. ఏడింటికి పిల్లని వదిలి వెళ్ళాను. సోమవారం, మేత రోజు, మేత తప్పితే అవి చస్తాయి, మూడు నెలల పని పోతుంది, ఈ వారం ఆ గదికి తాళం నా దగ్గరే ఉంది. రెండు గంటల్లో వస్తానన్నదాన్ని ఒంటిగంటకి వచ్చాను. అయినా ఒక బరువు దిగింది. నేను కాదు, నా చేతులు కాదు. ఆ కాసేపూ, ఆరేడు నిమిషాలు అనుకుంటాను, నాకు మిగతా వార్డు కనిపించింది, కిటికీ రెక్కకి కట్టిన గుడ్డపీలిక, పక్క మంచం మీద ఆపిల్ ముక్కలు తినమని బతిమాలుతున్న తాతగారు, నేల తుడిచే ఆవిడ బకెట్టు చక్రం చేసే కీచు. తేరుకుంటుంది. వైరస్ ఎంత చేసినా పేగు గోడ అడుగున, గుంటల్లో, మూలకణాలు దాక్కుని ఉంటాయి, పైవి రాలిపోతుంటే అవి కొత్తవాటిని పైకి పంపుతూనే ఉంటాయి, నాలుగైదు రోజుల్లో పాత గోడలో ఒక్కటి కూడా మిగలదు, మొత్తం కొత్త గోడ. నేను కళ్ళతో చూశాను. నీళ్ళు నిలబెడితే చాలు, ఆ నాలుగు రోజులు నీళ్ళు నిలబెడితే పిల్ల తనంతట తనే లేస్తుంది.

అసలు గోలంతా నీళ్ళతోనే. సోకిన కణం పక్కవాళ్ళకి కబురు పంపుతుందన్నాను గదా, ఆ కబురు గోడ పొడుగునా అలలా పాకుతుంది, సోకనివి కూడా ఉలిక్కిపడి, ఉన్న నీళ్ళన్నీ బయటికి కుమ్మరించేస్తాయి. ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చి పోసినట్టు. మంట ఆరుతుందో లేదో గాని అందరి ఇళ్ళల్లో నీళ్ళు అయిపోతాయి. వైరస్ చంపే పిల్లలకంటే ఆ నీళ్ళు పోయి చచ్చే పిల్లలే ఎక్కువ. దానికి విరుగుడు ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళ కడుపు చల్లగా, ఆ గోడలోనే ఒక తలుపుంది, ఉప్పు ఒక్కటే వస్తే తెరుచుకోదు, చక్కెర ఒక్కటే వస్తే తెరుచుకోదు, రెండూ జతగా వస్తే తెరుచుకుంటుంది, వాటి వెనకే నీళ్ళు లోపలికి వస్తాయి. వైరస్ ఎంత అల్లరి చేసినా ఆ తలుపు పూర్తిగా మూయలేదు. అందుకే ఓఆర్ఎస్. ఇంత ఉప్పు, ఇంత చక్కెర, ఇన్ని నీళ్ళు. లెక్క తప్పకూడదు, అంతే. నేను లెక్క తప్పే మనిషిని కాదు, మా దగ్గర అన్ని ద్రావణాలూ కలిపేది నేనే, గ్రాముకి పదోవంతు తేడా వచ్చినా పారబోసి మళ్ళీ కలుపుతాను. ఇంట్లో కూడా నిన్న సాయంత్రం నేనే కలిపాను.

అత్తయ్య సంచీలోంచి ఒక కాగితం తీసి మడత విప్పింది. ఆవిడ ముప్పై రెండేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసింది. రాసింది రాసినట్టు, అదే ఆవిడ మతం. మందు చీటీ గానీ, కుక్కరుతో వచ్చిన కాగితం గానీ, అక్షరం పొల్లుపోకుండా చదివి, అలాగే చేస్తుంది. కవరు మీద ఇంటి నంబరు తప్పుంటే, ఆ మనిషి ఎదురుగుమ్మంలోనే ఉంటాడని తెలిసినా, రాసిన ఇంటికే పంపేదట. ఉత్తరం చేరకపోతే తప్పు మోసినవాడిది కాదు, రాసినవాడిది అంటుంది. నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో ఈ పద్ధతికి తల పట్టుకునేదాన్ని, చిటికెడు పుట్టాక ఆవిడ చేతిలో పిల్లని పెట్టి నిశ్చింతగా పనికి వెళ్ళగలిగింది మాత్రం ఆ పద్ధతి వల్లే. "చూడమ్మాయ్" అంది, కాగితం నా ఒళ్ళో పెట్టి. "పదిసార్లూ పట్టాను. నువ్వు రాసినట్టే. సారికి రెండు చెంచాలు. మూతి తిప్పేసుకుంది, గింజుకుంది, అయినా నేను వదల్లేదు. మూడుసార్లు కక్కింది, వాటికి సున్నా చుట్టాను." నిలువు గీతలు పది, ఒక్కో గీత పక్కన టైము, ఏడూ పదిహేను, ఏడూ యాభై, అలా పన్నెండూ నలభై దాకా, మూడు గీతల చుట్టూ సున్నాలు. "అన్నీ సరిగ్గానే చేశాను కదా, మరి ఇంకా ఎందుకు తేరుకోలేదంటావ్?"

పదిసార్లు, మంచిదే, పదిసార్లు పట్టడమంటే మాటలు కాదు, ఆవిడ మోకాళ్ళ నొప్పులతో లేచి లేచి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, పది గీతలు, నేను పదిసార్లు పట్టమని రాశానా, రాసే ఉంటాను, పొద్దున ఆవిడ స్నానంలో ఉంటే తలుపు బయటినుంచి అరిచి చెప్పాను, అత్తయ్యా, సీసా ఫ్రిజ్‌లో ఉంది, దాని మీద రాశాను చూడండి, అని. సీసా మీద రాశాను. తెల్ల టేపు ముక్క, నల్ల మార్కరు, ఓఆర్ఎస్, పక్కన తారీఖు, కింద నా పొడి సంతకం, ఇంట్లో పొడి సంతకం ఎందుకే అని మా ఆయన నవ్వాడు, చేతి అలవాటు, పదకొండేళ్ళ అలవాటు, మా దగ్గర టేపు లేని సీసా ఉండదు, టేపు మీద ఏముంది, ఎప్పుడు కలిపారు, ఎవరు కలిపారు, ఎంత చిక్కన, ఎంత చిక్కన, పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపారు, పక్కింట్లో కాదు పక్క మంచం దగ్గర, తాతగారు, ఆపిల్ ముక్క కింద పడింది, ఏరుకుంటున్నాడు, నిన్న సాయంత్రం పది ప్యాకెట్లు, ఒక్కో ప్యాకెట్టు ఒక లీటరుకి, లీటరు సీసాలు పది ఫ్రిజ్‌లో ఎక్కడ పడతాయి, మా దగ్గర ఎవరూ అలా కలపరు, పదింతలు చిక్కగా ఒక సీసాలో కలిపి పెట్టుకుంటాం, కావలసినప్పుడు ఒక వంతు తీసి తొమ్మిది వంతుల నీళ్ళు పోస్తాం, చోటు కలిసొస్తుంది, పని కలిసొస్తుంది, నా తెలివికి నేనే మురిసిపోతూ పది ప్యాకెట్లూ కత్తిరించి ఒక్క లీటరులో పోశాను, మా ఆయనకి చెప్పాను, ఒకటికి తొమ్మిది, గుర్తుంచుకో అని, ఆ సాయంత్రం నుంచీ నేనే నీళ్ళు కలిపి పట్టాను, పొద్దున ఆయన లేడు, నేను లేను. టేపు మీద రాశాను. 10×. మా దగ్గర ఎవరు చూసినా పదింతల చిక్కన అని చదువుతారు. పది ఇంటూ. ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు వేరుచేసిన మనిషి కళ్ళజోడు సర్దుకుని చదివింది. పది ఇంటూ. పది సార్లు.

పిండిముద్దలాంటి చర్మం. పెదవుల నాకుడు. పిల్లికూన ఏడుపు. అన్నీ నా కళ్ళెదుటే ఉన్నాయి, చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. నీళ్ళు తక్కువ కావడం కాదిది, ఉప్పు ఎక్కువ కావడం. కక్కినవి పోను ఏడుసార్లు, సారికి రెండు చెంచాలు, పదింతల ఉప్పు, తొమ్మిది కిలోల పిల్ల ఒంట్లో. ఉప్పు ఎక్కువైతే కణాల్లోంచి నీళ్ళు బయటికి లాగేస్తుంది, మెదడు కణాల్లోంచి కూడా, అవి ముడుచుకుపోతాయి, కానీ ఊరికే ఉండవు, లోపల ఏవేవో కూడబెట్టుకుని ఆ ఉప్పుకి అలవాటుపడటం మొదలుపెడతాయి. అప్పుడు గభాల్న నీళ్ళు వచ్చి పడితే ఉబ్బుతాయి. పనిలో చేరిన ఏడాదే నేనొకసారి పలచన చేయకుండా పిల్లలకి మేత వేసేశాను. మర్నాడు చూస్తే ముడుచుకుపోయి ఉన్నాయి. కంగారులో ఆ మేత పీల్చేసి, పలచటి నీళ్ళు పోశాను, నా కళ్ళముందే ఒక్కొక్కటే ఉబ్బి, పగిలి, అయిపోయాయి. పెద్ద మేడమ్ తిట్టలేదు. "ఉప్పుకి బతికే ఉన్నాయి, నీ కంగారుకి చచ్చాయి" అంది. పదేళ్ళయింది, ఆ మాట మరిచిపోలేదు, మరిచిపోని మాట నిన్న సాయంత్రం ఎక్కడ పోయింది. మూడూ నలభై నాలుగు. నాలుగింటికి రెండో సీసా, స్పీడు పెంచేద్దాం.

లేచి చెప్పాలి. నాలుగంగల్లో నర్సు బల్ల. కానీ నేను లేవలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గు. అత్తయ్య చెయ్యి పిల్ల పాదం మీద ఉంది, బొటనవేలితో మెల్లగా రుద్దుతోంది, ఏదో చిన్నప్పటి పాట గొణుగుతోంది, నేను ఇప్పుడు నోరు తెరిస్తే ఆ చెయ్యి మళ్ళీ ఎప్పుడైనా ఈ పిల్లని ఎత్తుకుంటుందా. పదిసార్లు మూతి తిప్పుకున్న పిల్ల నోట్లో బలవంతంగా పోసిన చెయ్యి అది. తెలిస్తే ఆవిడ బతకదు, బతికినా ఆవిడగా బతకదు. ఆ మాట నిజమే, కానీ అది నా భయానికి నేను కప్పిన దుప్పటి. నాకు భయం నా గురించే. మా ఆయన నా మొహం చూస్తాడు. డాక్టరు అడుగుతాడు, మీరేం చేస్తుంటారమ్మా అని, నేను చెప్పాలి, పేగు కణాలు, వైరస్, ద్రావణాలు కలపడం. రిపోర్టు వస్తుంది కదా. ఇంకో పావుగంటలో వస్తుంది, అందులో ఉప్పు ఎంతుందో అంకె ఉంటుంది, డాక్టరుకే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు, విరేచనాల వల్ల ఒక్కోసారి అలా అవుతుందమ్మా అంటాడు, అంతటితో పోతుంది. అలా అనుకుంటూ ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఐదు నిమిషాలు నా నోరు నొక్కిపెట్టింది ఏదో నాకు తెలుసు, రోజూ సూక్ష్మదర్శిని కింద చూసేదే. మెదడూ గుండే లేని కణం, ఆవగింజలో వెయ్యోవంతు, చచ్చేలోపు పక్కవాళ్ళకి చెప్పి చస్తుంది, నేను చెప్పలేకపోతున్నాను.

నర్సు వచ్చింది, చేతిలో రెండో సీసా. "మిషను మొరాయించిందట మేడమ్, రిపోర్టుకి ఇంకో గంట పట్టేలా ఉంది. ఇది పెట్టేయమన్నారు" అంటూ గొట్టానికున్న చక్రం మీద వేలు వేసింది. నా చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. నేను పట్టుకున్నానని చెప్పలేను, చెయ్యే పట్టుకుంది. "ఆగండి" అన్నాను. "డాక్టరుగారిని పిలవండి. ఓఆర్ఎస్ నీళ్ళు కలపకుండా పట్టాం. పదింతల చిక్కన. పొద్దున ఏడింటి నుంచి." అత్తయ్య గొణుగుతున్న పాట ఆగింది. నేను అటు చూడలేదు.

డాక్టరు పరుగులాంటి నడకతో వచ్చాడు. నేను చెప్పాను, పది ప్యాకెట్లు, ఒక లీటరు, నేను కలిపిన సీసా, నేను అంటించిన టేపు. ఎంత లోపలికి పోయిందో తెలియాలి అన్నాడు, సుమారుగా కాదు, సరిగ్గా తెలియాలి. నేను వెనక్కి చెయ్యి చాచాను. కాగితం నా చేతికి రావడానికి కాస్త సమయం పట్టింది. ఆయన గీతల మీద వేలు పెట్టి, టైములు చదివి, సున్నాలు చుట్టినవి తీసేసి, పెదవులతోనే లెక్కకట్టాడు. "ఎవరు రాశారిది?" అన్నాడు. "నేనేనండీ" అంది అత్తయ్య, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఇది లేకపోతే కళ్ళకి గంతలు కట్టుకుని వైద్యం చేయాల్సి వచ్చేదమ్మా" అన్నాడు, ఆవిడని మెచ్చుకున్నట్టు కాదు, మామూలుగానే. రెండో సీసా వెనక్కి పంపేశాడు. వేరే సీసా తెప్పించి, చక్రం తిప్పి, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెంచాడు. "ఎక్కిన ఉప్పుని రెండు రోజులు పెట్టి నెమ్మదిగా దించాలి. తొందరపడితే మెదడు వాస్తుంది, నేను చెప్పేదాకా నోటికి నీళ్ళు కూడా ఇవ్వొద్దు. ఫిట్స్ రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడే నన్నేమీ అడగొద్దు." అడగలేదు. వెళుతూ వెళుతూ నర్సు, "పాప యూరిన్ పోస్తే టైము రాసి పెట్టండి" అని కాగితం తిరిగి మంచం మీద పెట్టింది.

ఒకటి. చాలాసేపటికి రెండు. ఇందాక త్వరగా పడమని బతిమాలుకున్న చుక్కల్ని ఇప్పుడు తొందరపడకండి అని బతిమాలుకుంటున్నాను. చిటికెడు కళ్ళు సగం మూసి, నాలుక బయటికి పెట్టి, నా వైపు చూస్తోంది, ఒక చుక్క నీళ్ళు అడుగుతోంది, ఇవ్వకూడదు. నా జీవితంలో ఇంతకంటే కష్టమైన పని చేయలేదు. అత్తయ్య పిల్ల పాదం మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. గోడ వైపు చూస్తూ అడిగింది.

"పది ఇంటూ అంటే పదిసార్లు కాదా అమ్మాయ్?"

"పదిసార్లే అత్తయ్యా" అన్నాను. "నేనే తప్పు రాశాను."

ఆవిడ నమ్మిందో లేదో నాకు తెలియదు, అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు, ముప్పై రెండేళ్ళలో ఎన్ని తప్పు అడ్రసులు చూసిందో. మంచం మీది కాగితాన్ని తిరగేసింది, వెనకవైపు ఖాళీగా ఉంది. సంచీలోంచి పెన్ను తీసి, మూత తీసి, మళ్ళీ పెట్టి, నా వైపు చాచింది. "ఇక నువ్వే రాయి" అంది. నేను పెన్ను తీసుకోలేదు. ఆ చేతిని పెన్నుతో సహా పట్టుకుని పిల్ల పాదం దగ్గర, ఇందాక ఉన్న చోటే పెట్టాను.

"మీరే రాయండి అత్తయ్యా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గడియారం చూసింది. కాగితం మీద తారీఖు వేసి, దాని కింద నాలుగూ పది అని రాసి, పక్కన, గుడ్డ తడిసినప్పుడు వేయాల్సిన గీత కోసం చోటు వదిలింది.